పెరి అంటే చుట్టూ

తలుపు మూసేశారు. తన మొహం మీదే మూసేశారు, అదీ ఎంతో మర్యాదగా, చప్పుడు కాకుండా. "నువ్వు అలిసిపోతావు వదినా, ఇక్కడే కూచో, చిటికెలో వచ్చేస్తాం" అంటూ మరదలు ఎవాంథియా లోపలినుంచి తలుపు లాక్కుంది, అంతే. ఇక మెల్పో ఆసుపత్రివాళ్ల నీలం చొక్కా వేసుకుని, ఇంటినుంచి తెప్పించుకున్న చెప్పులు తొడుక్కుని, పక్కన చక్రాల స్టాండుకి వేలాడే సెలైన్ సీసాని కాపలా పెట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఆ తలుపుకేసి గుడ్లురిమి చూస్తోంది. లోపల మాట్లాడుకుంటున్నది తన గుండె గురించి. తమ్ముడు స్టెర్గియోస్, వాడి పెళ్లాం, డాక్టర్ బ్లెత్సాస్, ముగ్గురూ కలిసి ఆమె గుండె గురించి మాట్లాడుకుంటుంటే, ఆ గుండె గల మనిషి బయట, వంటగది గుమ్మంలో పిల్లిలా. ఏమనుకుంటున్నారు వీళ్లు? ఆ గుండేమైనా వీళ్ల ఉమ్మడి పొలమా? పొద్దున నర్సు వచ్చి, "మీ గుండె దగ్గర తీసిన నీళ్ల పరీక్ష ఫలితం వచ్చింది" అంది, మెల్పో లేచి కూచుని "ఏమొచ్చింది?" అంది, నర్సు దుప్పటి సర్దుతూ "డాక్టరుగారు మీవాళ్లతో మాట్లాడతానన్నారు" అంది. మీవాళ్లతో! జబ్బు నాది, నీళ్లు నావి, సూది దిగింది నా రొమ్ములోకి, కబురు మాత్రం మీవాళ్లకి. ఈ ఊళ్లోనే కాదు, ఈ దేశంలో ఎక్కడైనా ఇంతే, ఉత్తరాన కవాలాలో ఇంతే, దక్షిణాన క్రీటు దీవిలో ఇంతే, జబ్బుపడ్డవాడు పడుకోవాలి, బంధువులు తెలుసుకోవాలి, తెలుసుకుని మొహాలు కడుక్కుని వచ్చి నవ్వాలి. ఆ నవ్వుని మెల్పో చచ్చినా భరించలేదు.

పోనీ తెలియనిదా తను? ఇరవై ఏళ్ల పైచిలుకు ఈ వోలోస్ ఊళ్లోనే, నర్సుల సహాయకులు కాబోయే పిల్లలకి వైద్యం మాటలు నేర్పింది ఎవరు? ఏ మాట ఎక్కడ విరుగుతుందో, ఏ ముక్కకి ఏం అర్థమో, నల్లబల్ల మీద సుద్దముక్క విరిగేలా రాసి చూపించింది ఎవరు? ప్రతి ఏడూ మొదటి రోజు ఆమె బల్ల మీద ఒక్క ముక్కే రాసేది. పెరి. అక్కడి భాషలో పెరి అంటే చుట్టూ. పరిధి, పరిసరం, పరివారం అంటూ మనం వాడుకునే పరికి ఆ పెరి చాలా దగ్గరి చుట్టమే, కానీ అక్కడి పిల్లలకి ఆ సంగతి అక్కర్లేదు, వాళ్లకి పెరి పాలూ రొట్టె లాంటిది, పొద్దున లేచింది మొదలు నోట్లో ఆడుతుంటుంది. పెరి ఉన్న మాటలు తెండి అనేది ఆమె, పిల్లలు తెచ్చేవాళ్లు. షికారుకి వెళ్లడం పెరిపతో, అంటే చుట్టూ తిరిగి రావడం. చుట్టుకొలత పెరిమెట్రోస్. జలాంతర్గామిలోంచి పైకి తొంగిచూసే గొట్టం పెరిస్కోపియో, అది చుట్టూ చూస్తుంది. పొట్ట లోపలి అవయవాల చుట్టూ పరుచుకున్న పొర పెరిటోనియో. గుండె చుట్టూ ఉన్న సంచి పెరికార్డియో. చివరికి ఎదురుచూడటం కూడా, పెరిమెనో, అంటే చుట్టూ ఉండిపోవడం, ఒక చోటుని పట్టుకుని దాని చుట్టూనే వేళ్లాడటం, ఇదిగో ఇప్పుడు తను ఈ తలుపు పట్టుకుని వేళ్లాడుతున్నట్టు. ఎంత చక్కగా కుదిరిందో చూడు, అనుకుంది మెల్పో, అనుకున్నందుకు మళ్లీ తన మీదే చిర్రెత్తుకొచ్చింది. ఇలా మాటల్ని విప్పి చూసుకుని మురిసిపోయే రోగం తనకెప్పుడు పోతుందో.

తలుపు వెనకనుంచి గొణుగుడు వినిపిస్తోంది. డాక్టరుది. నదిలా ఆగకుండా సాగుతోంది. మధ్యలో స్టెర్గియోస్ గొంతు ఒక్కసారి కూడా లేదు, ఏం వింటున్నాడో, నోరు తెరిచి ఒక్క ముక్క అడగొచ్చు కదా. పడవ ఇంజను బాగుచేయమని ఎవడైనా తెస్తే, ఎక్కడ చప్పుడొస్తోంది, ఎప్పటినుంచి వస్తోంది, ఏం నూనె పోశావు అని వంద ప్రశ్నలేసి అవతలివాడి బుర్ర తింటాడే, ఇక్కడేమైంది వాడికి? గోడ మీద రోగులని కాచే సెయింట్ పాంటెలెయిమోన్ పటం, కింద ఎర్ర గాజు దీపం, ఎవరో మొక్కు తీర్చుకుంటూ పెట్టిన తులసి లాంటి వసిలికోస్ కుండీ. ఆయన చేతిలో మందుల పెట్టె, చెంచా. ఆయన మొహంలో కూడా అదే నవ్వు, ఏం లేదమ్మా అన్నీ బాగుంటాయి అన్న నవ్వు. జూన్ ఎండ కిటికీ పలకల సందుల్లోంచి నేల మీద పడుతోంది, రేవు వైపునుంచి ఓడ కూత ఒకటి వచ్చింది. ఆ ఓడ ఎక్కి ఎటైనా పోతే బాగుండును, ఈ సెలైన్ సీసాతో సహా.

గుండె చుట్టూ సంచి మంచిదే. గుండెని దాని చోటున పట్టుకుంటుంది, పక్క అవయవాల రాపిడి తగలకుండా చూస్తుంది. అయితే ఆ సంచికీ గుండెకీ మధ్య నీళ్లు చేరితే మాత్రం, సంచి సాగదు, మొండిది, ఆ నీళ్లు గుండెనే నొక్కుతాయి, గుండె నిండటానికి చోటుండదు. కూరగాయల ప్లాస్టిక్ సంచిలో గాలిబుడగ పెట్టి, సంచిలోకి నీళ్లు పోసి చూపించేది పిల్లలకి. పోయిన వారం బడి మెట్లెక్కుతుంటే సగంలో ఊపిరి ఆగిపోయినట్టయి కూలబడినప్పుడు, అంబులెన్సులో పడుకుని మూతికి గొట్టం పెట్టించుకుని ఉండగానే, ఆ గాలిబుడగ, ఆ సంచి కళ్లముందు ఆడాయి. సూది వేసి నీళ్లు లాగారు, ఊపిరి ఆడింది. నీళ్లు తీశారు సరే, ఆ నీళ్లు ఎందుకొచ్చాయి? ఊరికే రావు. ఏదో పురుగు సోకి రావచ్చు, మందులేస్తే పోతుంది. థైరాయిడ్ మందగించి రావచ్చు, పాత క్షయ వల్ల రావచ్చు, వాటికీ వైద్యం ఉంది, ఆ దారుల్లో సెప్టెంబరు వస్తుంది, బడి తెరుస్తారు, బల్ల మీద మళ్లీ పెరి రాస్తుంది. ఇంకొక్క దారి ఉంది, ఆ దారిలో సెప్టెంబరు ఉందో లేదో తెలీదు. ఏ దారో ఆ తలుపు వెనక ఉన్నవాళ్లకి తెలిసిపోయింది. ఆమెకి కావలసింది ఆ ఒక్కటే, నేను పోతున్నానా, ఉంటున్నానా. రేపు ఆ సంచికి చిన్న కిటికీ కోస్తారట, నీళ్లు మళ్లీ నిలవకుండా. కోయనివ్వడమా, వద్దని చెప్పి ఇంటికి పోయి తన వరండాలో కూచోవడమా, అదీ ఆ జవాబు మీదే ఉంది. గుండె చుట్టూ సంచి లాగా నా చుట్టూ వీళ్లు, కాపాడుతూ కాపాడుతూ నొక్కేస్తున్నారు అనే పోలిక మనసులోకి వచ్చింది, ఛీ అని తోసేసింది. ఇలాంటి పోలికలు క్లాసులో ఎవరైనా చెబితే కూర్చోపెట్టేసేది.

"అయ్యో టీచర్! మీరిక్కడ కూచున్నారేంటి?"

ఫ్రోసో. మందుల బండి తోసుకుంటూ వచ్చింది. తన దగ్గరే చదివింది, చదివింది అనడం పెద్ద మాట, రెండేళ్లు క్లాసులో గోళ్లకి రంగేసుకుంది. ఒకసారి పరీక్షలో పెరికార్డియో అంటే ఏమిటి అని అడిగితే, గుండె చుట్టుపక్కల ఉండే పేట అని రాసింది. మెల్పో ఆ కాగితాన్ని టీచర్ల గదిలో చదివి వినిపించి అందర్నీ నవ్వించింది.

"లోపల నా గురించి సభ జరుగుతోంది. నాకు పిలుపు లేదు. ఫ్రోసో, నువ్వు నా ఫైలు చూశావా?"

"నేనా? నేనెందుకు చూస్తా టీచర్."

"చూశావు. నీ చెవులు ఎర్రబడ్డాయి. ఏముంది అందులో?"

"డాక్టరుగారు మీ తమ్ముడితో మాట్లాడుతున్నారు కదా."

"ఇక్కడ రోగి నేనా, నా తమ్ముడా?"

"మీరే టీచర్," అంది ఫ్రోసో బుద్ధిగా, పరీక్షలో ఈసారైనా సరిగా చెప్పినట్టు, తర్వాత వంగి ఆమె భుజం మీదుగా మూడుసార్లు ఫ్తూ ఫ్తూ ఫ్తూ అని దిష్టి తీసినట్టు ఊసి, "ఇవాళ మీ మొహం ఎంత బాగుందో, నా దిష్టే తగిలేలా ఉంది" అని బండి తోసుకుంటూ పరుగులాంటి నడకతో పోయింది. మొహం బాగుందట. పొద్దున స్నానాలగది అద్దంలో చూసుకుంది మెల్పో, ఉడకబెట్టిన టర్నిప్ దుంపలా ఉంది.

అందరూ ఇంతే. జన్మంతా ఇలాంటివాళ్లే దొరికారు తనకి. పస్కాలిస్ ఒకడు. కట్టుకున్నవాడు, పొలాలు కొలిచే సర్వేయరు, ఊళ్లో ప్రతి కొట్టు స్థలం చుట్టుకొలతా తెలుసు కానీ ఒక్క మాట తిన్నగా చెప్పడం తెలీదు. పెళ్లి చేసుకుంటావా అని అడగడానికి ఆమెని సముద్రపు ఒడ్డున కట్ట మీద ఆ చివరనుంచి ఈ చివరకి నడిపించాడు, మళ్లీ వెనక్కి నడిపించాడు, సిపురో అనే సారా అమ్మే కొట్టులో కూచోబెట్టి ఆక్టోపస్ ముక్కలు తినిపించాడు, మళ్లీ నడిపించాడు, ఆమె చెప్పులు కరిచి కాలి వెనక బొబ్బలెక్కాక, "మూడో అంతస్తులో ఇల్లొకటి చూశాను, లిఫ్టు లేదు, నీకు ఇబ్బందేమైనా ఉందా?" అన్నాడు. ఇదీ పెళ్లి ప్రస్తావన. ఏం కావాలి నీకు, ఇల్లు అద్దెకివ్వాలా నాకు, అని ఆమె కసిరితే, సిగ్గుపడి సముద్రం వైపు తిరిగాడు. పదహారేళ్లయ్యాక వదిలేసి పోవడానికీ అదే వరస. మనిద్దరికీ ఈ ఇల్లు పెద్దదేమో అన్నాడు ఒక శీతాకాలం. లారిసాలో పని ఎక్కువుందన్నాడు. రోజూ అటూ ఇటూ తిరగడం పెట్రోలు దండగన్నాడు. ఒక సంవత్సరం పాటు వేళ్లూ కాళ్లూ మెలేసుకుని, ఒక్కరోజు కూడా, నాకింకొకామె ఉంది అని నోరు తెరిచి చెప్పలేదు. చెప్పింది మెల్పోనే. కాఫీ పోస్తూ, "ఆవిడ పేరేంటి?" అంది. వాడు హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. తన చేతే అనిపించుకున్నాడు అదీ. అప్పుడూ ఏడవలేదు మెల్పో, ఒళ్లు మండిపోయింది, కప్పు తీసి తొట్టిలో విసిరేసింది, పిడి ఊడింది. డొంకతిరుగుడు మాటకి వాళ్లు పెరిఫ్రాసి అంటారు, చుట్టూ తిప్పి చెప్పడం. కవులకి అందమే కావచ్చు, కాపురానికి గొంతు మీద కత్తి.

అంతకు ముందు నాన్న. నాన్న పొగాకు గోదాములో పనిచేసేవాడు, ఆకులు ఏరేవాడు, దగ్గు ఎప్పుడూ ఉండేదే కాబట్టి ఆ దగ్గు ఎప్పుడు మారిందో ఎవరికీ పట్టలేదు. తర్వాత ఒకరోజు ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అమ్మ అందరితోనూ, "కొంచెం ఊపిరి ఇబ్బంది, ఎండాకాలం వస్తే సర్దుకుంటుంది" అనేది. పక్కింటివాళ్లు సూపు తెచ్చి గుమ్మంలోనే ఇచ్చి వెళ్లేవాళ్లు. ఆ జబ్బు పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, పాడు జబ్బు అని కూడా అనలేదు, ఆ పాడు జబ్బు అన్నా దాన్ని పిలిచినట్టే అని అమ్మ భయం. మెల్పోకి అప్పటికి పంతొమ్మిదేళ్లు, చిన్నదేం కాదు. తనకి చెప్పింది ఎవరో తెలుసా, మూల మీద సిగరెట్లూ పత్రికలూ అమ్మే బడ్డీకొట్టు ముసలాయన. ఆ బడ్డీనీ పెరిప్టెరో అంటారు, ఒకప్పుడు గుడి చుట్టూ స్తంభాల వరస ఉంటే ఆ గుడిని అలా పిలిచేవాళ్లట, ఇప్పుడు చూయింగ్ గమ్ అమ్మే రేకుల డబ్బా. వారపత్రిక కొనడానికెళ్తే ఆయన చిల్లర లెక్కపెడుతూ, "మీ నాన్న సంగతి విన్నాను పాపా, ఊపిరితిత్తులంటే ఇక చేసేదేముంది" అన్నాడు. బడ్డీకొట్టుకి తెలుసు! గోదాముకి తెలుసు, రొట్టెల కొట్టుకి తెలుసు, ఇంటి చుట్టూ ఊరందరికీ తెలుసు, ఇంట్లోవాళ్లకి మాత్రం తెలియనట్టు. నాన్నకీ తెలుసు, ఆయన కూడా ఈస్టరు తర్వాత పడవకి నీలం రంగు వేద్దాం అని చివరి వారం దాకా నటించాడు, ఎవరి కోసమో. ఆ రోజు పత్రిక అక్కడే పారేసి సముద్రం దాకా నడిచింది. నా విషయంలో ఎవడైనా ఇలా చేస్తే, అనుకుంది అప్పుడు, వాడి పళ్లు రాలగొడతాను.

తలుపు తెరుచుకుంది.

ముందు ఎవాంథియా వచ్చింది, ఆ వెనక స్టెర్గియోస్, తల గుమ్మానికి తగలకుండా వంచుకుని. ఇంజను నూనె ఎంత తోమినా పోని ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ప్యాంటు జేబుల్లో పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. నవ్వాడు. అదిగో, వచ్చింది ఆ నవ్వు.

"ఏమన్నాడు?" అంది మెల్పో.

"ఏం లేదక్కా. అంతా చూసుకుంటామన్నాడు."

"ఏం చూసుకుంటాడు?"

"నీళ్లు. గుండె చుట్టూ కాసిని నీళ్లు, అదే."

"అది నాకు పోయిన వారమే తెలుసు. నీళ్లు ఎందుకొచ్చాయట?"

స్టెర్గియోస్ పెళ్లాం వైపు చూశాడు. ఎవాంథియా సంచీలోంచి డబ్బా తీసింది. "వదినా, పీచ్ పళ్లు తెచ్చాను, మొన్ననే దింపారు, తేనెలా ఉన్నాయి. నిన్న ఇక్కడి సూపు తినలేదటగా నువ్వు? టొమాటోల్లో అన్నం కూరి ఓవెన్లో పెట్టాను, రాత్రికి వేడిచేయమని చెప్తా..."

"ఎవాంథియా, నీ టొమాటోలు తీసుకెళ్లి ఆ పటంలో ఆయనకి పెట్టు, ఆయన చేతిలో చెంచా కూడా ఉంది. స్టెర్గియో, ఇటు చూడు. లోపల అరగంట కూచున్నారు మీరు. అరగంట ఆయన ఏం చెప్పాడు?"

"చెప్పాడు. చాలా చెప్పాడు." వాడు మెడ వెనక గోక్కున్నాడు. "మంచి డాక్టరక్కా. ఓపికగా చెప్పాడు. నువ్వు మనసు ప్రశాంతంగా పెట్టుకోవాలన్నాడు."

"ప్రశాంతంగా! మీ ప్రశాంతం మండా. నీళ్లు నములుతున్నావురా నువ్వు, నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. నాన్నకి చేసినట్టు నాకూ చేద్దామనుకుంటున్నారా అందరూ కలిసి? రేపు బడ్డీకొట్టువాడి దగ్గరికెళ్లి కనుక్కోవాలా నేను?"

"అక్కా, అరవకు, నీకు ఊపిరి..."

"నా ఊపిరి నా ఇష్టం."

లేచింది. స్టాండు పట్టుకుని, చక్రాలు కీచుమంటుంటే, ఆ కీచుకే ఒళ్లు ఇంకా మండుతుంటే, నాలుగడుగులేసి డాక్టరు గదిలోకి వెళ్లింది. వెనకాల రాబోయిన తమ్ముణ్ని ఒక్క చేత్తో ఆపింది. "నువ్వు బయటే ఉండు. కూచో. అలిసిపోతావు" అంది, తలుపు వేసేసింది. గట్టిగానే వేసింది, పటం కింద దీపం కదిలే ఉంటుంది.

బ్లెత్సాస్ బల్ల వెనకనుంచి సగం లేచాడు. మంచివాడే, యాభై దాటినవాడు, చొక్కా జేబులో మూడు పెన్నులు. "మేడమ్ మెల్పో, మీరు పడుకుని ఉండాల్సింది, మీవాళ్లతో అన్నీ మాట్లాడేశాను" అన్నాడు. ఆమె కుర్చీ లాక్కుని కూచుంది. ఊపిరి అందుకోవడానికి కాసేపు పట్టింది, ఆ కాసేపూ ఆయన బల్ల మీది కాగితాలు సర్దుతూ ఉన్నాడు, అంచులు కలిపి, విడదీసి, మళ్లీ కలిపి. "నాతో మాట్లాడండి" అంది చివరికి. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇక మొదలైంది ఆ గొణుగుడు, తలుపు బయటనుంచి ఇందాకా విన్నదే, ఇప్పుడు మాటలుగా విడిపోతూ. పెరికార్డియోలో ద్రవం చేరడం చూశాం, దానికి తోడు స్కానులో పెరివ్రోంఖికో మందం కనిపించింది, కొంత పెరియాంగియకో వ్యాప్తి కూడా ఉన్నట్టుంది, పెరిటోనియో వైపు మాత్రం ప్రస్తుతానికి ఏమీ లేదు, అది సంతోషించాల్సిన విషయం, కాబట్టి ఈ దశలో మనం చేయవలసిందల్లా... మెల్పో చెవులు వాటంతట అవే పని చేస్తున్నాయి, అలవాటు, మాటల్ని విరిచి చూపే అలవాటు, గుండె చుట్టూ, గాలిగొట్టాల చుట్టూ, రక్తనాళాల చుట్టూ, పేగుల చుట్టూ. చుట్టూ, చుట్టూ, చుట్టూ. ప్రదక్షిణలు చేస్తున్నాడు. ఈయన మీదికి సుద్దముక్క విసరాలి.

"డాక్టరుగారూ, ఆగండి. చుట్టూ ఉన్నవన్నీ చెప్పారు. మధ్యలో ఏముంది?"

ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు.

"మీ తమ్ముడికి అన్నీ వివరంగా చెప్పానండీ. అన్నీ మన మాటలే కదా, ఆయనకి చక్కగా అర్థమయ్యాయి. ఆయన నెమ్మది మీద మీకు చెబుతారని..."

"మధ్యలో ఏముంది? ఒక్క ముక్కలో చెప్పండి. నేను ఈ మాటలన్నీ పిల్లలకి నేర్పినదాన్ని, మీరు ఎంత పెద్ద మాట అన్నా నేను విప్పుకుంటాను, కానీ విప్పే ఓపిక ఇవాళ నాకు లేదు. ఇది నా గుండె. చెప్పండి."

కిటికీ బయట పావురాలు రేకు మీద గోళ్లతో నడుస్తున్నాయి. డాక్టర్ బ్లెత్సాస్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు, అవి లేకపోతే ఆయన మొహం ఎవరో తెలిసిన మనిషిలా ఉంది.

"క్యాన్సర్" అన్నాడు. "ఎడమ ఊపిరితిత్తిలో మొదలైంది. నీళ్లలో కణాలు కనిపించాయి. నయం చేయలేం. రేపటి ఆపరేషను ఊపిరి ఆడటానికి. కొన్ని నెలలు. ఏడాది అని చెప్పను."

"థాంక్స్" అంది మెల్పో. అదేం మాట, కూరగాయలు కొన్నట్టు. అయితే నిజంగానే ఆ క్షణంలో ఆమెకి కలిగింది ఊరట. కోపం ఒక్కసారిగా చప్పబడింది, పొయ్యి మీంచి గిన్నె దించినట్టు, ఎవరో ఇన్నాళ్లకి తనతో పెద్దమనిషితో మాట్లాడినట్టు మాట్లాడారు. కోయండి రేపు, ఊపిరాడితే చాలు, తర్వాత ఇంటికి పోతాను, అంది. ఆయన సరే అన్నాడు, చేయి అందించాడు, ఆమె పట్టుకుని లేచింది. సెప్టెంబరులో బల్ల మీద ఇంకెవరో రాస్తారు. వాళ్లు పెరితో మొదలుపెట్టకపోవచ్చు, కొత్తవాళ్లకి వరస తెలీదు, అక్షరమాల ప్రకారం మొదలుపెడతారు వెధవలు, దేంతోనైనా మొదలుపెట్టుకోనీ. చిత్రంగా చాలా తేలిగ్గా ఉంది, ఎవరి జబ్బు గురించో విన్నట్టు. ఇప్పుడిక బయటున్న ఆ ఇద్దరి సంగతి చూడాలి. తెలిసి కూడా పీచ్ పళ్లు చూపించినందుకు, అన్నీ తెలిసి నవ్వినందుకు, నవ్వడానికి మొహం ఎలా వచ్చిందిరా అని కడిగిపారేయాలి. ఆ కోపం ఇంకా మిగిలుంది, దాన్ని పట్టుకుని తలుపు తీసింది.

బయట స్టెర్గియోస్ ఒక్కడే ఉన్నాడు. ఎవాంథియా పటం ముందు పెట్టే కొవ్వొత్తి కొనడానికి కిందికెళ్లిందట. వాడు ఆమె కుర్చీలోనే ముందుకి వంగి కూచున్నాడు, మోకాళ్ల మీద కాగితం పరుచుకుని, జేబుచాకుతో పీచ్ పండు తొక్క తీస్తున్నాడు. తల ఎత్తాడు.

"ఏమన్నాడక్కా?"

"నీకు చెప్పాడుగా!"

"చెప్పాడు."

"మరి?"

"నాకేం అర్థం కాలేదు" అన్నాడు స్టెర్గియోస్.

మెల్పో అక్కడే ఆగిపోయింది, స్టాండు పట్టుకుని.

"పెరి అది, పెరి ఇది అన్నాడు. అన్నీ మన మాటల్లాగే ఉన్నాయి, చుట్టూ అంటాడు, గుండె అంటాడు, ఒక్కో ముక్కా తెలుసు, కలిపితే ఏమీ కాదు. మనది కాని భాషయితే ఏంటండీ అని అడిగేవాణ్ని. మన మాటే నాకు అర్థం కాలేదని ఎలా చెప్పను ఆయనకి? ఎవాంథియా తల ఊపింది. దానికర్థమైందేమో, ఇంటికెళ్లాక అడుగుదాంలే అని నేనూ ఊపాను. బయటికి రాగానే అది నన్నడిగింది, ఏమన్నాడు అని."

"మరి నాతో నీళ్లు అన్నావు?"

"నాకర్థమైంది అదొక్కటే."

చిన్నప్పుడు వంటింటి బల్ల దగ్గర లెక్కలు చెప్పేటప్పుడు వాడి మొహం ఇలాగే ఉండేది. అర్థమైందా అంటే ఊఁ అనేవాడు, మళ్లీ చెయ్యి అంటే పెన్సిలు నోట్లో పెట్టుకునేవాడు, ఆమె నెత్తి కొట్టుకునేది. ఇందాకటినుంచి వీడి మొహంలో తను చూసింది దాపరికం కాదు. ఇదే. కడిగేద్దామనుకున్న మాటలు ఇక అక్కర్లేదు. వాడికి తెలీదు. ఎవాంథియాకి తెలీదు. ఈ వసారాలో, ఇంట్లో, ఊళ్లో, తనకి తప్ప తనవాళ్లెవరికీ తెలీదు. ఇంక చెప్పాల్సింది తనే.

"చూడు స్టెర్గియో, ఆ నీళ్లు ఉన్నాయే," అని మొదలుపెట్టింది, "అవి ఒక్కోసారి..." ఆగింది. కాదు. అలా కాదు.

"క్యాన్సర్" అంది. "ఊపిరితిత్తిలో మొదలై గుండె చుట్టూ చేరింది. నయమవదు. నెలల మాట."

వాడు ఆమెనే చూస్తున్నాడు. పండు రసం మణికట్టు మీదినుంచి చొక్కా చేతిలోకి కారుతోంది.

"మళ్లీ చెప్పు" అన్నాడు.

"క్యాన్సర్. ఊపిరితిత్తిలో మొదలై గుండె చుట్టూ చేరింది. నయమవదు. నెలల మాట."

"మళ్లీ."

క్లాసులో మూడోసారి అడిగినవాణ్ని ఆమె ఎన్నడూ క్షమించలేదు. రెండుసార్లు చెబితే చాలు మనిషి పుట్టుకకి అనేది. మెల్పో పక్క కుర్చీ లాక్కుని వాడికి ఎదురుగా, మోకాళ్లు మోకాళ్లకి తగిలేలా కూచుంది. చాకు వాడి చేతిలోంచి తీసి మడిచి పక్కన పెట్టింది. ఒక్కో మాటా విడివిడిగా, ఒకటి చెప్పి వాడు తల ఊపేదాకా ఆగి, తర్వాతది చెప్పింది. క్యాన్సర్. వాడు తల ఊపాడు. ఊపిరితిత్తిలో మొదలై. ఊపాడు. గుండె చుట్టూ చేరింది. నయమవదు. వాడి కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, అయినా ఊపాడు. తర్వాతి మాటకి నోరు తెరిస్తే ఆమెకి గొంతు రాలేదు. లోపల గదిలో విన్నప్పుడు రాని వణుకు ఇప్పుడు వచ్చింది, పాదాలనుంచి మొదలై. మళ్లీ ప్రయత్నించింది, రాలేదు. అప్పటిదాకా ఆ మాటలు ఎవరి గురించో తమ్ముడికి వివరించి చెబుతున్నట్టే ఉంది.

స్టెర్గియోస్ ఆమె రెండు చేతులూ తన జిగట చేతుల్లోకి తీసుకున్నాడు.

"నెలల మాట" అన్నాడు, పాఠం వచ్చేసినవాడిలా.